గురక మధ్య నిశ్శబ్దం

మన ఇళ్లల్లో గురకకి ఉన్నంత మంచిపేరు ఇంకే చప్పుడుకీ లేదేమో! ‘ఒళ్లెరగకుండా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు’ అంటే హాయిగా, నిశ్చింతగా పడుకున్నాడని అర్థం. పెళ్లివారి విడిదిలో ఎవరైనా గురక పెడితే తెల్లారి కాఫీల దగ్గర అదే నవ్వులాట. హరికథలో కుంభకర్ణుణ్ని నిద్రలేపే ఘట్టం వస్తే పిల్లల సంబరం చెప్పక్కర్లేదు. గురక పెట్టేవాడు సుఖంగానే ఉన్నాడు, కష్టమంతా పక్కన పడుకున్నవాళ్లదే అని మనందరి లెక్క.

ఇలాంటిదే ఇంకో మాట ఉంది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున్న లేవకపోతే ‘పుణ్యాత్ముడు, నిద్రలోనే దాటిపోయాడు’ అంటాం. అనాయాస మరణం అని దానికో పేరు. మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోవడం అదృష్టమే, కాదనను. ఎనభై ఏళ్లకైతే సరే. మరి యాభై ఎనిమిదేళ్లకే పోతే?

మా బావగారు అలాగే పోయారు, 2009లో. రాత్రి పెళ్లి భోజనం చేసొచ్చి పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే లేరు. ఆయన గురక మా వీధి వీధంతటికీ తెలుసు. పరామర్శకు వచ్చినవాళ్లందరూ పుణ్యాత్ముడనే అన్నారు. మా తోటికోడలు, నేను అక్కయ్యా అని పిలుస్తాను, నా చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అంది. ‘‘అందరికీ గురక వినపడితే మెలకువ వస్తుందే చెల్లీ! నాకు ఆ గురక ఆగిపోయిందని మెలకువ వచ్చింది.’’

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే మావారిదీ అచ్చం అన్నగారి పోలికే. అదే పొట్టి మెడ, అదే చిన్న గడ్డం, అదే గురక. రాజమండ్రిలో కాపురం కాబట్టి మా పిల్లలు దానికి ‘గోదావరి వంతెన మీద గూడ్సు బండి’ అని పేరు పెట్టారు. పోలిక బాగానే ఉంది. ఒకటే తేడా... ఈ గూడ్సు వంతెన మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత గట్టిగా ఒక గుటక, ఒక ఎగశ్వాస, మళ్లీ బండి కదులుతుంది.

2017 నాటికి మావారికి యాభై ఆరేళ్లు. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసేవారు. బీపీకి మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా పై అంకె నూట అరవై దిగేది కాదు. పొద్దున్నే తలనొప్పితో లేచేవారు. రాత్రి మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి లేవడం, పగలు పేపరు చేతిలో పట్టుకునే కునుకు తీయడం. షుగరేమో అని పరీక్ష చేయిస్తే లేదన్నారు. వయసు, పని ఒత్తిడి అని సరిపెట్టుకున్నారాయన.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఏదైనా అంకెల్లోకి వస్తేగానీ నా బుర్రకెక్కదు. ఓ రాత్రి మంచం పక్కన గడియారం పెట్టుకుని ఆ నిశ్శబ్దాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు సెకన్లు. పద్నాలుగు. ఇరవై రెండు. ఒకసారి ముప్ఫై ఒకటి. ముప్ఫై ఒక్క సెకన్లంటే ఎంతో తెలియాలంటే ఇప్పుడే ముక్కు మూసుకుని చూడండి! ఆ అంకెలన్నీ పాల లెక్క రాసుకునే పుస్తకం వెనకపేజీలో వరసగా వేశాను. అరగంటలో పద్దెనిమిది వచ్చాయి.

బీపీ చూసే డాక్టరుగారు ఆ పేజీ చూసి మమ్మల్ని ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గరకు పంపారు. ఆయన వయసులో చిన్నవాడే. ఈసీజీ కాగితాలు పక్కనపెట్టి ముందు నా పాల పుస్తకం తీసుకున్నారు. ‘‘అమ్మా, సగం పరీక్ష మీరే చేసేశారు’’ అన్నారు. ఈ జబ్బులో రోగికి తన సంగతి తనకు తెలియదట. నిద్రలో జరిగేది కదా! మొదటి సాక్షి ఎప్పుడూ పక్కన పడుకున్న మనిషే.

మిగతా సగం పరీక్ష ఒక రాత్రి ఆసుపత్రిలో జరిగింది. తలకీ ఛాతీకీ వైర్లు, పొట్ట చుట్టూ బెల్టు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. తెల్లారాక రిపోర్టులో గంటకు 41 అని రాసి ఉంది. గంటకు నలభై ఒక్కసార్లు పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగిందన్నమాట. ఐదు లోపు ఉంటే మామూలు. పదిహేను దాకా స్వల్పం, ముప్ఫై దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఏడు గంటల నిద్రకు నేను గుణించి చూసుకున్నాను... 287 సార్లు! దీని పేరు స్లీప్ ఆప్నియా అని చెప్పారు.

జరిగేదేమిటంటే... నిద్రలో ఒంట్లో కండరాలన్నీ వదులవుతాయి. గొంతు కండరాలు, నాలుక కూడా వెనక్కి జారతాయి. గొంతు దారి సన్నగా ఉన్నవాళ్లకు అది పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ గాలి కోసం లోపల్నుంచి లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ప్రమాదం గుర్తించిన మెదడు ఒక్క క్షణం మనిషిని తట్టి లేపుతుంది. గొంతు తెరుచుకుంటుంది, గురకతో ఊపిరి అందుతుంది. మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున్నకి ఇదేదీ గుర్తుండదు. అంటే మనం సుఖనిద్ర అనుకున్నది ఆ మనిషి రాత్రంతా ఊపిరి కోసం చేసిన పోరాటం!

ఇంటికొచ్చాక నాకు నిద్రపట్టలేదు. గొంతు దగ్గర అడ్డంకి వస్తే బీపీ ఎందుకు పెరగాలి? గుండెకి ఏమిటి సంబంధం? మా అమ్మాయి చేత ఇంటర్నెట్‌లో ఉన్న వ్యాసాలు కాగితాల మీద తీయించుకుని, అర్థంకాని మాటలు డాక్టరుగారిని అడిగి తెలుసుకుంటూ చదివాను. అవి చదువుతుంటే ఒకటి తెలిసింది. గురక పెట్టేవాణ్ని చూసి నవ్వుకోవడం మన ఒక్కరి అలవాటే కాదు. చార్లెస్ డికెన్స్ 1836లో రాయడం మొదలుపెట్టిన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో జో అనే లావుపాటి కుర్రాడు ఉంటాడు. నిలబడిన చోటే నిద్రపోయి గురకపెడతాడు. 1956లో అమెరికా వైద్యులు ఇలాంటి రోగుల గురించి రాస్తూ ఆ జబ్బుకి ఆ నవల పేరే పెట్టారు. లావుగా ఉన్నవాడికి నిద్ర ఎక్కువ... అంతవరకే దృష్టి పోయింది.

ఫ్రాన్స్ నుంచి వచ్చి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రిస్టియన్ గిల్లెమినో అనే వైద్యుడు 1970ల్లో దీన్ని లెక్కగా కొలవడం మొదలుపెట్టాడు. గుండె డాక్టర్లను వెంటబెట్టుకుని, నిద్రపోతున్న రోగుల రక్తనాళాల్లోనే ఒత్తిడి ఎంతుందో చూశాడు. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తపోటు పైకెగిసింది. సన్నగా ఉన్నవాళ్లకీ ఈ జబ్బు వస్తుందని తేల్చిందీ ఆయన బృందమే. అయితే అప్పటికి చికిత్స ఒక్కటే... గొంతు ముందుభాగంలో రంధ్రం చేసి గొట్టం అమర్చడం.

ఆ గొట్టం వద్దని మొండికేసిన ఒక రోగి వల్లే కొత్త దారి దొరికింది. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో భవన నిర్మాణ పనులు చేసుకునే ఒకాయన గొంతు కోయించుకోనన్నాడు. అక్కడి డాక్టరు కోలిన్ సలివన్ అంతకుముందు కుక్కల నిద్ర మీద పరిశోధన చేస్తూ వాటి మూతికి మాస్కులు అమర్చినవాడు. ఆ అనుభవంతో మనిషి ముక్కుకి సరిపోయే మాస్కు తయారుచేసి, వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలిని సన్నగా లోపలికి పంపాడు. ఆ గాలి ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా తెరిచే ఉంది. ఆ రాత్రి ఆ రోగి నిశ్చింతగా నిద్రపోయాడు. మరుసటి ఏడాది ఐదుగురు రోగుల వివరాలతో ‘లాన్సెట్’ పత్రికలో వ్యాసం వచ్చింది. ఇవాళ సీప్యాప్ అని పిలిచే యంత్రానికి అదే మొదలు.

నా ప్రశ్నకి తిన్నని జవాబు మాత్రం విరెండ్ సోమర్స్ అనే గుండె పరిశోధకుడి దగ్గర దొరికింది. తర్వాత ఆయన అమెరికాలోని మేయో క్లినిక్‌లో చాలా కాలం పనిచేశారు. 1995లో ఆయన, అయోవా విశ్వవిద్యాలయంలోని సహచరులు కలిసి ఒక చిత్రమైన పనిచేశారు. నిద్రపోయే రోగి మోకాలి దగ్గర నరంలోకి వెంట్రుకంత సూది గుచ్చి, మెదడు నుంచి రక్తనాళాలకు వెళ్లే ఆజ్ఞల్ని నేరుగా విన్నారు. పులి ఎదురైతే గుండె దడదడలాడుతుందే, అప్పుడు పనిచేసే నరాలే అవి. ఊపిరి ఆగినకొద్దీ ఆ నరాల హోరు పెరుగుతూ పోయింది. మెలకువలో సగటున 92 ఉన్న రక్తపోటు, కలలొచ్చే నిద్రలో 127 దాకా ఎగబాకింది. ఇది పైదీ కిందదీ కలిపి కట్టిన సగటు అంకె కాబట్టి, 127 అంటే చాలా ఎక్కువే. అసలు వింత ఏమిటంటే, ఈ రోగులకు పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా ఆ హోరు పూర్తిగా తగ్గలేదు. రాత్రి పులిని చూసి బెదిరిన ఒళ్లు పగలు కూడా బెదురుతూనే ఉంది! మావారి మూడు మాత్రలూ ఎందుకు చాలడం లేదో నాకప్పుడు బోధపడింది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రాత్రి నిద్రలో రక్తపోటు పదో వంతో, ఇంకాస్త ఎక్కువో తగ్గుతుంది. పగలల్లా పనిచేసిన గుండెకి అదే విశ్రాంతి. ఆప్నియా ఉన్నవాళ్లకు ఆ విశ్రాంతి దొరకదు.

ఇక సోమర్స్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన చదివిన రోజు నేను మా అక్కయ్య దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. మిన్నెసోటా రాష్ట్రంలో, ఎప్పుడో ఒకప్పుడు నిద్ర పరీక్ష చేయించుకుని, తర్వాత గుండె ఆగి హఠాత్తుగా చనిపోయిన 112 మంది వివరాలు వాళ్లు సేకరించారు. ఏ గంటలో పోయారో చూశారు. హఠాత్తు గుండె మరణాలు మామూలుగా పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నంలోపు ఎక్కువ. కానీ ఆప్నియా ఉన్నవాళ్లలో 46 శాతం మంది అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల మధ్య పోయారు. ఆప్నియా లేనివాళ్లలో ఆ వేళ పోయింది 21 శాతమే.

అక్కయ్య అంతా విని, ‘‘నాలుగు గంటలు’’ అంది. ఇంకేమీ అనలేదు. బావగారికి ఏ పరీక్షా జరగలేదు కాబట్టి ఆయన దీనివల్లే పోయారని ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి అక్కయ్యకీ తెలుసు.

‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో మన తెలుగువాళ్లనీ ఊపేసిన సంగీత దర్శకుడు బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూశారు. ఆయనకు ఇతర అనారోగ్యాలూ ఉన్నాయి గానీ, మరణానికి కారణంగా వైద్యులు చెప్పిన పేరు మాత్రం స్లీప్ ఆప్నియానే. టీవీలో ఆ వార్త వస్తుంటే అక్కయ్య సౌండు పెంచి విన్నది.

మళ్లీ మా ఇంటి సంగతికి వస్తాను. యంత్రం కొన్నాం. మా బడ్జెట్‌కి పెద్ద ఖర్చే. మొదటి రాత్రి ఆయన మాస్కు పెట్టుకుని అద్దంలో చూసుకుని, ‘‘ఏనుగు తొండంలా ఉందే! నా వల్ల కాదు’’ అని తీసి పక్కనపెట్టారు. రెండో రాత్రి గంట. మూడో రాత్రి ముక్కు ఎండిపోతోందని గొడవ. పదిరోజుల్లో అది అటకెక్కేలా ఉంది. సెలవులకు వచ్చిన మా మనవరాలు అది చూసి ‘వినాయకుడు తాతయ్య’ అని చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల కోసం రోజూ సాయంత్రం అరగంట మాస్కు పెట్టుకుని పేపరు చదివేవారు. మెలకువలో అలవాటు చేసుకోమని డాక్టరుగారు చెప్పిందీ అదే. ముక్కు ఎండకుండా గాలిని తడిపే నీళ్ల డబ్బా బిగించాం. వేసవిలో కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టరుకి కలిపాం. మాస్కు సైజు ఒకసారి మార్పించాం. రెండు నెలలకు రాత్రి ఐదారు గంటలు ఉంచుకోవడం వచ్చింది.

మొదట పోయింది పొద్దుటి తలనొప్పి. తర్వాత బాత్రూమ్‌కి లేవడం తగ్గింది. మధ్యాహ్నం కునుకులు పోయాయి. సాయంత్రం గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టి ఏడాదిలో ఏడు కిలోలు తగ్గారు. మూడు మాత్రలు రెండయ్యాయి. ఇందులో మాస్కు వాటా ఎంత, నడక వాటా ఎంత అని విడదీయలేం. మాస్కు వల్ల బీపీ సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే అని పరిశోధనలు చెబుతున్నాయి. మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్లలో ఇంకాస్త మెరుగట.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాస్కు పెట్టుకుంటే గుండెపోటు రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. 2016లో ‘సేవ్’ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మనదేశంతో సహా ఏడు దేశాల్లో 2,717 మంది మీద జరిగింది. అందరూ అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు. సగం మందికి మాస్కు ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. సగటున మూడేళ్ల ఎనిమిది నెలలు గమనించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి మాస్కు ఇచ్చినవాళ్లలో 17 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 15.4 శాతం మందికి వచ్చాయి. అంటే తేడా లేదనే లెక్క! పగటి మగత తగ్గింది, మనసు తేలికపడింది, గుండె విషయంలో మాత్రం ఫలితం కనపడలేదు.

అది చదివి నేను నీరసపడ్డాను. డాక్టరుగారు ఇంకో అంకె చూపించారు. ఆ అధ్యయనంలో మాస్కు వాడకం రాత్రికి సగటున 3.3 గంటలే. ‘‘ఏడు గంటల రోగానికి మూడు గంటల మందు టీచర్‌గారూ!’’ అన్నారు. 2023లో ఇలాంటి మూడు అధ్యయనాల్లోని 4,186 మంది లెక్కల్ని కలిపి చూస్తే, రాత్రికి నాలుగు గంటలు, ఆపైన వాడినవాళ్లలో మళ్లీ గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు సుమారు 31 శాతం తక్కువగా తేలింది. అయితే క్రమం తప్పకుండా మాస్కు పెట్టుకునే మనిషి మాత్రలూ వేళకు వేసుకుంటాడు, నడుస్తాడు. ఆ మేలు ఎంతవరకు మాస్కుదో పరిశోధకులు ఇంకా చర్చించుకుంటూనే ఉన్నారు. తమ చికిత్సకి అనుకూలంగా రాని లెక్కని కూడా దాచకుండా అచ్చువేశారు చూడండి, అక్కడే నాకు వాళ్ల మీద గురి కుదిరింది.

మందుల వైపూ పని జరుగుతోంది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకు టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్‌ని అమెరికా ప్రభుత్వం 2024 డిసెంబరులో అనుమతించింది. అది డాక్టరు తేల్చాల్సిన విషయం. మనం ఇంట్లోనే చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. బరువు తగ్గడం, రాత్రి మద్యం మానడం, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవడం, డాక్టరు చెప్పకుండా నిద్రమాత్రలు మింగకపోవడం.

ప్రతి గురకా జబ్బు కాదు. జలుబు చేసినప్పుడు నేనూ పెడతాను. కానీ గురక మధ్యమధ్య ఆగి, ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతుంటే... పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంటే... మందులకు లొంగని బీపీ ఉంటే... ఆలస్యం చేయకండి. బండి నడిపేవాళ్లయితే మరీను. ఆడవాళ్లకిది రాదనుకోకండి. నెలసరి ఆగిపోయాక మనలోనూ పెరుగుతుంది. కాకపోతే మనకి గురక కన్నా నీరసం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి రూపంలో బయటపడుతుంది. పైగా మన గురక గురించి డాక్టరు దగ్గర చెప్పే మగవాళ్లు ఎందరున్నారు చెప్పండి?

మొన్న కార్తీకమాసంలో అక్కయ్య మా ఇంట్లో ఉండగా హైదరాబాద్ నుంచి ఆవిడ కోడలు ఫోన్ చేసింది. మా బావగారి అబ్బాయికి ముప్ఫై ఆరేళ్లు. లావు కూడా కాదు, తండ్రి మెడ, తండ్రి గడ్డం మాత్రం వచ్చాయి.

‘‘చిన్నత్తయ్యా, మీరు చెప్పినట్టే రాత్రి లెక్కపెట్టాను. ఇరవై ఆరు సెకన్లు వచ్చింది’’ అంది ఆ పిల్ల. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది.

నేను జవాబు చెప్పేలోపే అక్కయ్య ఫోన్ అందుకుంది. ‘‘పరీక్ష ఎప్పుడమ్మా?’’

‘‘బుధవారం రాత్రి రమ్మన్నారు అత్తయ్యా.’’

‘‘సరే, నేనొస్తున్నా’’ అంది. ఆ సాయంత్రమే మావారి చేత గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీయించుకుంది. సంచిలో బట్టలు సర్దుకుంటూ, ‘‘నీ పాల పుస్తకం ఒకసారి ఇలా ఇయ్యి’’ అని అడిగి తీసుకుంది.